పురుగంటే హడలిపోయే పాప, చీమల్ని తొక్కే బాబు: మీ ప్రశ్నకు నా సమాధానం

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను. పాపకు ఏడేళ్లు. సీతాకోకచిలుకలంటే ప్రాణం, రోజూ వాటి బొమ్మలు గీస్తుంది. కానీ మొక్క మీద గొంగళిపురుగు కనిపిస్తే కేకపెట్టి ఇంట్లోకి పరుగెత్తుతుంది. బొద్దింక కనిపించిన గదిలోకి ఆ రోజంతా వెళ్లదు. బాబుకు నాలుగేళ్లు. వాడికి భయం లేదు గానీ చీమల బారు కనిపిస్తే చాలు, తొక్కుకుంటూ పోతాడు. మీరు కీటకాల వీడియోలు చూపించారు, బొమ్మల పుస్తకాలు కొన్నారు, పురుగులు మనకు ఎంత మేలు చేస్తాయో చెప్పారు. అయినా మార్పు లేదు. పెద్దయ్యాక అదే పోతుందని వదిలేయాలా, ఏమైనా చేయాలా అని అడిగారు.

వదిలేయమని నేను చెప్పను. అలాగని ఇంకో పుస్తకం కొనమనీ చెప్పను. చిన్న తరగతుల పిల్లలకు చాలా ఏళ్లుగా సైన్స్ చెబుతున్నాను. ఏటా తరగతి గదిలో ఏదో ఒక పురుగును పెంచుతాం. ఈ పనిలో నాకు బలపడిన నమ్మకం ఒకటుంది. పిల్లల్లో పురుగుల భయం, అసహ్యం సమాచారం తక్కువై పుట్టవు, అందుకే ఎంత సమాచారం ఇచ్చినా పోవు. ఒకే ఒక్క పురుగును, ప్రాణంతో ఉన్నదాన్ని, చాలా రోజులు దగ్గర నుంచి చూసిన పిల్లల్లో అవి తగ్గుతాయి. అలా చూసేటప్పుడు పక్కన కంగారుపడని పెద్దమనిషి ఒకరు ఉండాలి. కింద రాసిందంతా ఈ రెండింటి గురించే.

మొదట మీ పాపకు నిజంగా ఏం తెలుసో కనుక్కోండి. పరీక్షలా అడగొద్దు. ఒక కాగితం ఇచ్చి చీమ బొమ్మ గీయమనండి. నేను చూసిన బొమ్మల్లో చాలావాటికి రెండు గుండ్రటి కళ్లు, ఒక నవ్వు, పొట్టకు అటూ ఇటూ తోచినన్ని కాళ్లు ఉంటాయి. ఎదిగిన కీటకం శరీరంలో మూడు భాగాలుంటాయి: తల, నడిమి భాగం, పొట్ట. ఆరు కాళ్లూ నడిమి భాగం నుంచే వస్తాయి. రెక్కలుంటే అవీ అక్కడి నుంచే. పొట్టకు ఒక్క కాలు కూడా ఉండదు. ఈ సంగతి మీరు చెప్పకండి. బొమ్మ గీశాక భూతద్దం చేతికిచ్చి, నిజం చీమను చూసి సరిచూసుకోమనండి. తన బొమ్మలో తప్పు తనే పట్టుకున్న పిల్ల ఆ చీమను మర్చిపోదు.

పిల్లల్లో ఇంకా ఏయే అపోహలుంటాయో తెలిస్తే మీకు పనికొస్తుంది. సాలీడు, తేలు, జెర్రి, రోకలిబండ, చివరికి వానపాము కూడా వాళ్ల లెక్కలో కీటకాలే. సాలీడుకు ఎనిమిది కాళ్లు, శరీరం రెండే భాగాలు, మీసాలుండవు. వానలు పడగానే నేల మీద ఎర్రగా, మెత్తగా పాకే ఆరుద్రపురుగు కూడా కీటకం కాదు, సాలీడుకు బంధువు. ఈ సంగతి పెద్దవాళ్లలోనూ చాలామందికి తెలియదు. చిన్న ఈగను పెద్ద ఈగ పిల్ల అనుకోవడం మరో అపోహ. పూర్తిగా రెక్కలొచ్చాక ఏ కీటకమూ ఇక పెరగదు. చిన్నగా కనిపించేది వేరే జాతి ఈగ అయినా అయ్యుండాలి, లార్వాగా, అంటే గుడ్డులోంచి వచ్చిన పురుగు దశలో ఉన్నప్పుడు, తిండి చాలనిదైనా అయ్యుండాలి. ఇక జంతువుల పేర్లు చెప్పమంటే సింహం, ఏనుగు, కుక్క అంటారు తప్ప చీమ అనరు. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేరుపెట్టిన జంతుజాతుల్లో సగానికి పైగా కీటకాలే. సుమారు 10 లక్షల జాతులు, అందులో పెంకుపురుగులే 4 లక్షలకు దగ్గరగా ఉంటాయి.

వీటన్నిటికన్నా పెద్ద సమస్య మీ పాపలోనే ఉంది చూడండి. గుడ్డు, లార్వా, ప్యూపా (తినకుండా, కదలకుండా ఉండి రూపం మార్చుకునే దశ), సీతాకోకచిలుక అని బాణం గుర్తులతో ఉండే బొమ్మ తను తప్పకుండా పుస్తకంలో చూసే ఉంటుంది. అడిగితే వరసగా చెప్తుంది కూడా. కానీ తన మనసులో గొంగళిపురుగూ సీతాకోకచిలుకా రెండు వేర్వేరు ప్రాణులు, ఒకటి చెడ్డది, ఒకటి మంచిది. నేను చూసిన పిల్లల్లో ఎక్కువమందిది ఇదే పరిస్థితి. ఎర్రటి డిప్ప మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగును చేతి మీదికి ఎక్కించుకుని మురిసిపోతారు. అదే మొక్క మీద దాని లార్వా ఉంటుంది. పొడుగ్గా, నల్లగా, ఒంటి నిండా ముళ్లలాంటి బుడిపెలతో ఉంటుంది. దాన్ని చూసి ఛీ అని నలిపేస్తారు. మొక్క రసం పీల్చే పేనుబంకను తల్లితో పాటు ఆ లార్వా కూడా రోజుకు పదుల సంఖ్యలో తినేస్తుందని ఎంత చెప్పినా అప్పటికి తలూపుతారు, అంతే. ఆ మార్పు కళ్ల ముందు జరగడం చూడనంత వరకు నమ్మకం కుదరదు. వాళ్లను తప్పుపట్టలేం. బోలెడు కాళ్లతో జెర్రిలా పాకేది ముడుచుకుని రెక్కల పక్షిలా లేస్తుందంటే ఎవరికైనా చూస్తేగానీ నమ్మకం కలగదు.

పిల్లలకు పేర్లు గుర్తుండవు, ఆసక్తి లేదు అని కొందరు పెద్దలు అంటుంటారు. దాన్ని నేను ఒప్పుకోను. 2002లో బ్రిటన్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలకు కార్డులు చూపించి చేసిన అధ్యయనం ఒకటుంది. ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్ అనే వీడియో ఆటలోని వింత ప్రాణుల బొమ్మల్లో దాదాపు 80 శాతం గుర్తుపట్టారు. చుట్టుపక్కల కనిపించే మామూలు మొక్కలు, జంతువులు, పురుగులైతే సగం దగ్గరే ఆగిపోయారు. అంటే వందల ప్రాణులను వాటి వాటి ఆకారాలతో, మారే రూపాలతో సహా గుర్తుపెట్టుకునే శక్తి ఆ వయసులో పుష్కలంగా ఉంది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, పోకెమాన్‌ను సృష్టించిన సతోషి తాజిరి చిన్నప్పుడు పురుగులు సేకరించడమే లోకంగా పెరిగాడు. ఆ ఆనందాన్ని ఇప్పటి పిల్లలకూ ఇవ్వాలన్న కోరికలోంచే 1996లో ఆ ఆట పుట్టింది. పిల్లలు ఆటలో వెతికేది పెరట్లో కూడా దొరుకుతుంది, చూపించేవాళ్లు కావాలి.

ఇప్పుడు భయం సంగతి. ఇక్కడ కొంచెం సూటిగా మాట్లాడాలి, మరోలా అనుకోకండి. బొద్దింక కనిపించినప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేస్తున్నారు? అరిచి కుర్చీ ఎక్కుతున్నారా? చెప్పు తీసుకుని వెంటపడుతున్నారా? 2002లోనే ఆస్ట్రేలియాలో గెరుల్, రపీ అనే ఇద్దరు పరిశోధకులు 15 నుంచి 20 నెలల పసిపిల్లలకు రబ్బరు పామును, రబ్బరు సాలీడును చూపించారు. అదే సమయంలో తల్లులను కొన్నిసార్లు నవ్వుముఖంతో, కొన్నిసార్లు భయపడిన ముఖంతో ఉండమన్నారు. తల్లి ముఖంలో భయం చూసిన వస్తువుకు పిల్లలు తర్వాత కూడా దూరం జరిగారు. అప్పుడు తల్లి మామూలు ముఖంతోనే ఉన్నా జరిగారు. ఒక్కసారి చూసిన ముఖానికే అంత బలం. కోతుల మీద మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ మినేకా 1980ల్లో చేసిన ప్రయోగాలు కూడా ఇలాంటివే. ప్రయోగశాలలో పుట్టిపెరిగిన కోతులకు మొదట పాములంటే భయం లేదు. వేరే కోతులు పామును చూసి బెదరడం చూశాక వీటికీ భయం పట్టుకుంది. పువ్వులను చూసి బెదిరినట్టు వీడియోను మార్చి చూపిస్తే మాత్రం పువ్వులంటే భయం రాలేదు. అంటే కొన్ని ఆకారాల విషయంలో భయం త్వరగా అంటుకుంటుంది. మనుషుల్లోనూ అలాంటి తేలిక ఉందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. అది మన చేతిలో లేదు. అంటించేది మాత్రం చాలావరకు మన ముఖమే.

అసహ్యం భయానికి వేరుగా పనిచేస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్ బృందం 1986లో పెద్దవాళ్లతో ఒక ప్రయోగం చేసింది. శుభ్రంగా, సూక్ష్మజీవులు లేకుండా చేసిన చచ్చిన బొద్దింకను పళ్లరసంలో ముంచి తీశారు. ప్రమాదం ఏమీ లేదని చెప్పినా ఆ రసం మీద జనానికి ఇష్టం పోయింది. ప్రమాదం లేదని తెలియడం వేరు, ఒళ్లు జలదరించకపోవడం వేరు. మీ పాపకు "అది ఏమీ చేయదమ్మా" అని మీరు చెప్పినప్పుడు జరుగుతున్నదీ ఇదే. తనకు ఆ మాట అర్థమవుతోంది, ఒళ్లు వినడం లేదు. కాబట్టి ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పడం మానేయండి. దానికి బదులు పని ఇవ్వండి. దూరం నుంచే కాళ్లు లెక్కపెట్టమనండి, మీసాలు ఏ వైపు కదులుతున్నాయో చెప్పమనండి, ఎటు పోతుందో ముందే ఊహించమనండి. లెక్కపెడుతున్న పిల్ల కేకపెట్టదు. కళ్లకు పని దొరికితే ఒంటి బిగువు దానంతటదే సడలుతుంది. ఈ చిన్న ఉపాయం నాకు తరగతిలో మిగతా అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది.

వీడియోల గురించి కూడా ఒక మాట. వాటిలో పురుగు తెర నిండా ఉంటుంది, దవడలు రంపాల్లా కనిపిస్తాయి, వెనక భయపెట్టే సంగీతం. నిజం చీమ పాప చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. భయపడే పిల్లకు మొదట ఆ నిజమైన కొలత కనిపించాలి. వీడియోలు తర్వాత చూపించొచ్చు.

"మేలు చేసే పురుగులు, కీడు చేసే పురుగులు" అనే పాఠం కూడా కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఇది నా సొంత అభిప్రాయం, కొందరు టీచర్లు ఒప్పుకోరు. మనం తినే ముఖ్యమైన పంటల్లో నాలుగింట మూడు వంతులు ఎంతోకొంత పరాగసంపర్కం చేసే ప్రాణుల మీద ఆధారపడతాయన్నది నిజమే. చాక్లెట్‌కు మూలమైన కోకో పువ్వులు కాయలు కావాలంటే గుండుసూది తలంత ఉండే చిన్న ఈగల జాతి రావాలి, ఈ సంగతి వినగానే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. అయితే ప్రాణిని మనకు చేసే లాభంతో తూచడం అలవాటు చేస్తే, లాభం కనిపించని ప్రతి పురుగునూ చంపొచ్చని పిల్లలు అర్థం చేసుకుంటారు. నిజంలో ఆ విభజన నిలవదు కూడా. గొంగళిపురుగు ఆకులు తింటుంది, అదే రెక్కలొచ్చి పువ్వులకు పుప్పొడి మోస్తుంది. దాన్ని ఏ గడిలో రాస్తాం? తూనీగ పిల్ల నీళ్లలో ఉన్నన్నాళ్లు దోమ పిల్లల్ని తింటుంది, చిన్న చేప పిల్లల్నీ వదలదు. "ఇది ఏం తింటుంది, దీన్ని ఎవరు తింటారు, రాత్రి ఎక్కడ ఉంటుంది?" అన్న ప్రశ్నలు వేస్తే తీర్పు చెప్పే అలవాటు పోయి చూసే అలవాటు వస్తుంది.

ఇక చేయాల్సిన పని. మీ పాప బొమ్మలు గీస్తుంది కాబట్టి మీ పని తేలిక. మరియా సిబిల్లా మెరియన్ అనే జర్మన్ అమ్మాయి కథ చెప్పండి. 1647లో పుట్టింది. పదమూడేళ్లప్పుడు పట్టుపురుగుల్ని పెంచడం మొదలుపెట్టి, ప్రతి దశనూ, అది తినే ఆకుతో సహా రంగుల్లో గీసింది. అప్పట్లో చదువుకున్నవాళ్లు కూడా పురుగులు బురదలోంచి, కుళ్లిన వాటిలోంచి వాటంతటవే పుడతాయని నమ్మేవాళ్లు. ఆమె మాత్రం గుడ్డు నుంచి రెక్కల దాకా కళ్లారా చూసి గీసింది. యాభై దాటాక, 1699లో, కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లి అక్కడి కీటకాలను గీసింది. మీ పాప చేయబోయేదీ ఆమె చేసిన పనే అని చెప్పండి. గీయడానికి చూడాలి, చూడటానికి దగ్గరికి రావాలి. ఎంత దగ్గరికన్నది పాపే నిర్ణయించుకోవాలి.

నిమ్మ జాతి మొక్క అందుబాటులో ఉంటే లేత ఆకుల మీద వెతకండి. మొదట్లో పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగులు దొరకొచ్చు, గోధుమ రంగులో, మధ్యలో తెల్ల మచ్చతో. పిట్టలు తినకుండా ఆ వేషం. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి మెత్తని కొమ్ముల జత బయటికి తీసి, ఘాటైన వాసన వదులుతుంది. కుట్టదు, కరవదు. మొదటిసారి ఆ కొమ్ములు చూస్తే పాప వెనక్కి గెంతుతుంది. గెంతనివ్వండి. "మనం దానికి భయం వేసేంత పెద్దగా ఉన్నాం" అని మాత్రం చెప్పండి. తనకు భయం వేసినట్టే దానికీ వేసిందన్న ఆలోచన పిల్లల్లో చాలా పని చేస్తుంది. ఒంటి నిండా వెంట్రుకలున్న పురుగును మాత్రం ఎంచుకోవద్దు.

పెంచడానికి వెడల్పాటి మూతి సీసా గానీ, పలుచటి గుడ్డ చుట్టిన బుట్ట గానీ చాలు. ఆకు కొమ్మను చిన్న నీళ్ల సీసాలో పెట్టి, మూతి దగ్గర దూదితో బిగించండి, లేకపోతే పురుగు అందులోకి జారి మునిగిపోతుంది. ఏ మొక్క మీద దొరికితే ఆ మొక్క ఆకులే పెట్టాలి. చాలా గొంగళిపురుగులు ఒకటి రెండు రకాల ఆకులు తప్ప ముట్టవు, వేరే ఆకు ఎంత పచ్చగా ఉన్నా పస్తుంటాయి. మందు కొట్టిన మొక్క ఆకులు వద్దు. అది వేసే పెంటికలు రోజూ తుడవాలి. ఈ పని పిల్లలకు ఇవ్వండి, ఎంత తిన్నదో దాన్నిబట్టి తెలుస్తుంది. పాపకు తప్పకుండా ఒక సందేహం వస్తుంది: దీనికి ఆరు కన్నా ఎక్కువ కాళ్లున్నాయే అని. ముందువైపున్న ఆరే నిజమైన కాళ్లు, వెనకవి పట్టుకోవడానికి పనికొచ్చే మెత్తని కండ దిమ్మెలు. జవాబు వెంటనే చెప్పేయకండి, ఒక రోజు ఆగండి. ఆ రోజంతా తను దాన్నే చూస్తుంది.

మీకు టెన్షన్ పెట్టే ఘట్టాలు కొన్ని వస్తాయి. ఒంటి చర్మం విడిచేటప్పుడు పురుగు తినకుండా కదలకుండా ఉంటుంది, ముట్టుకోవద్దు. బాగా పెరిగాక ఒకరోజు ఉన్నట్టుండి నీళ్లగా విసర్జించి, సీసా అంతా తిరుగుతుంది. జబ్బు చేసిందని పిల్లలు ఏడుస్తారు. ప్యూపాగా మారే ముందు అది మామూలే. ఎక్కడో ఒకచోట నడుముకు సన్నని పట్టుదారం చుట్టుకుని ఒరిగి ఆగిపోతుంది. లోపల రెక్కల రంగు బయటికి కనిపించడం మొదలైతే ఇక ఒకటి రెండు రోజుల్లో బయటికొస్తుంది. చాలావరకు పొద్దున పూట. వచ్చాక రెక్కలు ముడతలు పడి తడిగా ఉంటాయి. పట్టుకుని వేలాడటానికి గరుకు గోడ, రెక్కలు విప్పడానికి చోటు ఉండాలి, లేకపోతే అవి వంకరగా ఎండిపోతాయి. ఎర్రటి చుక్కలు కారితే అది రక్తం కాదు, ప్యూపాలో పేరుకున్న వ్యర్థం. ఎట్టి పరిస్థితుల్లోనూ ప్యూపాను చీల్చి సాయం చేయనివ్వకండి. రెక్కలు ఆరాక బయట వదిలేయాలి. మొత్తం ఇంచుమించు నెల పడుతుంది.

కొన్నిసార్లు ప్యూపాలోంచి సీతాకోకచిలుకకు బదులు సన్నని చిన్న కందిరీగల జాతి పురుగులు గుంపుగా వస్తాయి. అవి ముందే అందులో గుడ్లు పెట్టి ఉంటాయి. పిల్లలకు చాలా బాధగా ఉంటుంది. దాన్ని దాచి, వేరే ప్యూపా తెచ్చిపెట్టి మోసం చేయొద్దు. జరిగింది చెప్పండి, ఆ చిన్న పురుగులు ఏం తిని బతికాయో కూడా చెప్పండి. ఏడేళ్ల పిల్లలు నిజాన్ని మనం అనుకున్నదానికన్నా బాగా తట్టుకుంటారు.

బాబు సంగతి వేరు. నాలుగేళ్లవాడు చీమను తొక్కడంలో క్రూరత్వం వెతకకండి. కదులుతున్నది కాలు పెడితే ఆగిపోతోంది, ఆ బలం తనది, అదే వాడికి వింత. "కళ్లు పోతాయి" అని బెదిరిస్తే మీ ముందు మానేస్తాడు, వెనక తొక్కుతాడు. వాడి కుతూహలానికి ఇంతకన్నా మంచి ప్రయోగం ఇవ్వాలి. చీమల దారి పక్కన కొంచెం పంచదార పెట్టి, ఎంతసేపట్లో కనుక్కుంటాయో చూడమనండి. బారు కట్టాక, మధ్యలో తడిగుడ్డతో జానెడు మేర నేల తుడవండి. చీమలు ఆ అంచు దాకా వచ్చి తికమకపడి అటూ ఇటూ తిరుగుతాయి. నేల మీద అవి వదిలే వాసనే వాటి దారి, మనం దాన్ని చెరిపేశాం. కాసేపటికి కొన్ని దాటుకుని మళ్లీ దారి వేస్తాయి. తొక్కితే జరిగేది ఒక్కటే, ప్రతిసారీ అదే. ఇక్కడ ప్రతిసారీ కొత్తగా ఏదో జరుగుతుంది. కాలు పెడితే ఆట ముగిసిపోతుందని వాడికే తెలుస్తుంది. తర్వాత ఆ చీమలన్నీ ఆడవే అని, కొన్ని జాతుల్లో రాణి చీమ పాతికేళ్లకు పైగా బతికిన దాఖలాలున్నాయని చెప్పండి. అక్క కన్నా పెద్దదన్నమాట అని లెక్క వేసుకుంటాడు.

"తొక్కితే దానికి నొప్పి పుడుతుందా?" అని పిల్లలు అడుగుతారు. కీటకాలకు నొప్పి మనలాగే తెలుస్తుందా అన్నది శాస్త్రంలో ఇంకా తేలలేదు, పిల్లలకు అదే చెప్పండి. 2022లో లండన్‌లో బంబుల్‌బీలనే తేనెటీగల బంధువుల ముందు చిన్న చెక్క బంతులు పెట్టారు. ఏ తిండీ ఆశ చూపకపోయినా అవి మళ్లీ మళ్లీ వచ్చి వాటిని దొర్లించాయి. ఆడుకున్నాయనే శాస్త్రవేత్తలు అన్నారు. ఆడుకునే ప్రాణిని అవసరం లేకుండా ఎందుకు నొప్పించాలి అన్న మాట నాలుగేళ్ల పిల్లవాడికి కూడా అందుతుంది.

బొద్దింకను, దోమను ప్రేమించమని నేను ఎవరికీ చెప్పను. వంటింట్లో బొద్దింక ఉండకూడదు, దోమ కుట్టకుండా చూసుకోవాలి. అయితే అదీ కేకలతో చేయక్కర్లేదు. దాదాపు 4,500 జాతుల బొద్దింకల్లో మనుషుల ఇళ్లలో చేరేవి 30 దాకానే, మిగతావి అడవుల్లో రాలిన ఆకులు తింటూ బతుకుతాయి. ఇంట్లోకి వచ్చింది తిండి, తేమ కోసం వచ్చింది. రాత్రి గిన్నెలు కడిగేసి, చెత్తబుట్ట మూసి, కారే కుళాయి బాగు చేయించే పనిలో పాపను కలుపుకోండి. భయపడేవాళ్లకు చేయడానికి ఏదో ఒకటి ఉంటే ధైర్యం వస్తుంది. దోమ విషయంలోనూ అంతే. కుట్టేది ఆడదోమ మాత్రమే, గుడ్లకు కావలసిన మాంసకృత్తుల కోసం. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వేడి రోజుల్లో వారం పదిరోజులు చాలు. అందుకే వారానికోసారి నిలిచిన నీళ్లు పారబోయాలి. ఎక్కడెక్కడ నీళ్లు నిలిచాయో వెతికే బాధ్యత పిల్లలిద్దరికీ అప్పజెప్పండి, మనకు కనిపించనివి వాళ్లకు కనిపిస్తాయి.

భయపడాల్సినవి కొన్ని నిజంగానే ఉన్నాయి, వాటిని చిన్నవి చేసి చెప్పకండి. వెంట్రుకల గొంగళిపురుగును ముట్టుకుంటే దద్దుర్లు, మంట వస్తాయి. గుచ్చుకున్న వెంట్రుకలను గమ్‌టేపు అంటించి తీసి, తర్వాత సబ్బుతో కడగాలి. నారింజ, నలుపు చారలతో చీమలా సన్నగా ఉండే ఒక పెంకుపురుగు రాత్రి దీపాలకు వస్తుంది. దాన్ని ఒంటి మీద నలిపితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. ఊది దులిపేసి కడుక్కోవాలి. తేనెపట్టు, కందిరీగల గూడు దగ్గర ఆటలు లేవు, రాళ్లు విసరడం అసలే లేదు. ఒక్క తేనెటీగ మన చుట్టూ తిరిగితే చేతులు విసరకుండా నెమ్మదిగా పక్కకు నడవాలి. తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండి విషం వదులుతూ ఉంటుంది కాబట్టి గోటితోనైనా వెంటనే తీసేయాలి, ఆలస్యం చేయకూడదు. తర్వాత చల్లటి కాపడం పెట్టాలి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు, ముఖం ఉబ్బినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. వేటికి దూరంగా ఉండాలో కచ్చితంగా తెలిసిన పిల్లలు మిగతావాటి దగ్గర నిశ్చింతగా ఉంటారు.

చివరిగా, పెద్దయ్యాక అదే పోతుందా అన్న మీ ప్రశ్న. చాలామంది పిల్లల్లో కొంత తగ్గుతుంది, కొందరిలో ఉండిపోతుంది. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాదాపు మూడేళ్ల పిల్లవాడికి కుందేలు భయం పోగొట్టిన తీరు ఇప్పటికీ పనికొస్తుంది. వాడు ఇష్టమైనది తింటుండగా, కుందేలును పంజరంలో పెట్టి దూరంగా ఉంచి, రోజు రోజుకూ కొంచెం దగ్గరికి జరిపింది. భయం లేని పిల్లల్ని కూడా పక్కన ఆడుకోనిచ్చింది. మీరూ అలాగే, గొంగళిపురుగు సీసాను మొదట గది అవతలి మూల పెట్టండి. పాప అడిగితేనే దగ్గరికి తేండి. చేతి మీద పెట్టి "చూశావా ఏమీ కాలేదు" అనడం, తోటి పిల్లల ముందు వెక్కిరించడం రెండూ చేయకండి, నెలల పని ఒక్క పూటలో పోతుంది.

ఆరు నెలలు దాటినా భయం తగ్గకుండా, పురుగు ఉంటుందేమోనని బడికి, ఆటకు వెళ్లనని మొండికేయడం, రాత్రి నిద్రపోకపోవడం, బొమ్మ చూసినా వణికిపోవడం లాంటివి ఉంటే అది మామూలు భయం కాదు. బొద్దింక ఉన్న గదిలోకి ఆ రోజంతా వెళ్లదని రాశారు. అది ఆ ఒక్క గదికే పరిమితమా, ఇతర చోట్లకూ పాకుతోందా అన్నది గమనించండి. పాకుతుంటే పిల్లల మానసిక నిపుణుల్ని కలవండి, ఇలాంటి భయాలకు వాళ్ల దగ్గర మంచి చికిత్స ఉంది. ఆ పరిస్థితిలో సీసా, గొంగళిపురుగు వ్యవహారం మీ అంతట మీరు మొదలుపెట్టకండి, వాళ్లతో మాట్లాడాకే చేయండి. లేదంటే ఈ వారమే నిమ్మచెట్టు దగ్గర వెతకడం మొదలుపెట్టొచ్చు. ఏ దశలోనైనా సందేహం వస్తే ఫొటో పెట్టి ఇక్కడే అడగండి, చూసి చెప్తాను.